నల్ల కోటు మీద చెయ్యి

చీకటక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, దిగుతుంది. ఎంత కోపం వస్తే అంత మెల్లగా మాట్లాడుతుంది. వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి, ఆవిడ గట్టిగా అరుస్తుంటే ఎవరూ తలెత్తి చూడరు. గుసగుసగా మాట్లాడిందంటే మాత్రం చేతిలో పని వదిలేసి తలుపుల దగ్గరికి వస్తారు.

ఆ మంగళవారం సాయంత్రం తమ్ముడి ఇంట్లో ఆవిడ గొంతు పక్కన కూర్చున్న తల్లికి కూడా వినపడలేదు.

“ఇది ఎవరు రాశారు?”

“కంపెనీ వాళ్లక్కా. మేనేజరు గారు మనిషితో పంపించారు.”

తమ్ముడు అట్టపెట్టెల కార్ఖానాలో అట్ట కోసే ప్రెస్సు నడుపుతాడు. నడిపేవాడు అనాలి. పన్నెండు రోజుల కిందట ఆ ప్రెస్సు అతని కుడిచేతి వేళ్లు మూడు తీసుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి తెల్లటి కట్టులో, ఒళ్లో పడుకోబెట్టిన పసిబిడ్డలా ఉంది. వీధి చివరి సెలూన్ అతను రోజు విడిచి రోజు ఇంటికే వచ్చి గడ్డం గీసి పోతున్నాడు. పక్కింటావిడ పొద్దున్నే వచ్చి చొక్కా గుండీలు పెట్టి వెళ్తోంది. అలాంటివాళ్లను దేవుడు ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురిని ఇస్తాడు. కంపెనీ వాళ్లు మాత్రం ఒక కాగితం ఇచ్చారు.

“ప్రెస్సు ముందుండే ఇనుప జాలీని ప్రమాదం జరిగిన రోజు ఉదయం నా అంతట నేనే విప్పితిని. జరిగినదానికి నేనే పూర్తి బాధ్యుడను.” కింద గీత. గీత కింద తమ్ముడి పేరు అచ్చులో.

“గురువారం సర్కారు తనిఖీ ఆఫీసరు వస్తాడట. ఆయన ముందు పెట్టాలట సంతకం,” అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

“నువ్వు విప్పావా?”

“పెట్టేస్తే గొడవ వదిలిపోతుందక్కా. గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. కుర్చీ కూడా ఉంటుంది.”

“కుర్చీ సంగతి నేనడగలేదురా. నువ్వు విప్పావా?”

“అది కాదక్కా...”

అది కాదు అన్నాడు కదా, అంతే చాలనుకుంది. అరికాలి మంట నెత్తికెక్కినవాళ్లు మిగతా సగం మాట కోసం ఆగరు.

“ఆ ప్రెస్సుకు జాలీ లేనే లేదు. నీకు దెబ్బ తగలకముందే నేను చూశాను. చూడ్డమేమిటి, ఫోటో తీశాను. నువ్వు దేనిమీదా సంతకం పెట్టకు. పెట్టావో, ఆ మిగిలిన రెండు వేళ్లూ నేను విరుస్తాను.”

తల్లి అప్పుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమంటోందిరా అది?” అని అడిగింది.

“ఏం లేదమ్మా. అక్క ప్రేమగా మాట్లాడుతోంది,” అన్నాడు తమ్ముడు.

చీకటక్క అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, మామగారికి వీధి గదిలో ఫోటో స్టూడియో ఉండేది. కొడుకు దాని ఛాయలకే పోలేదు. చీకటి గదిలో నిలబడితే తనకు ఊపిరాడదని చెప్పి బస్సు డ్రైవరయ్యాడు. కోడలు మాత్రం ఒకరోజు మామగారికి మంచినీళ్లు ఇవ్వడానికి చీకటి గదిలోకి వెళ్లి, ఎర్రదీపం వెలుగులో, పళ్లెంలోని తెల్లకాగితం మీద ఎవరిదో మొహం మెల్లగా తేలడం చూసింది. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. “నీళ్లు ఇస్తావా అమ్మా, నువ్వే తాగుతావా?” అని మామగారు నవ్వారు. ఆ రోజునుంచి ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పగళ్లు సగం ఆ చీకట్లోనే గడిచాయి. మామగారి కళ్లకు పొర కమ్మాక స్టూడియో మొత్తం ఆవిడే చూసుకుంటోంది.

రంగుల ఫోటోలు ఎవరి జేబులో వాళ్లే తీసుకుంటున్న కాలంలో కూడా, నలుపు తెలుపు ఫోటో కావాలనేవాళ్లు కొందరుంటారు. బడి పెద్దటీచరమ్మ అలాంటి మనిషి. గోడకు తగిలిస్తే ముప్పై ఏళ్లు రంగు పోకుండా ఉండేది అదొక్కటేనని ఆవిడ పట్టు. అందుకని చీకటక్క చవక రకం ఫిల్ము, వంద అడుగుల చుట్ట ఉన్న డబ్బా తెప్పించి, చీకట్లో చేతి తడుముతో ముక్కలు కోసి, పాత రీలు డబ్బీల్లోకి చుట్టుకునేది. ఇరవై ఫోటోలకు ఇంత, ముప్పైకి ఇంత అని మూర వేసి కొలిచేది. కడగడానికి గడియారం కూడా వాడదు. చిన్నప్పుడు పల్లె బడిలో నేర్చుకున్న ప్రార్థన ఒకటి ఉంది. నిదానంగా చదివితే సరిగ్గా నిమిషం పడుతుంది. ఫిల్ము మందులో ఉన్నంతసేపూ డబ్బా తిప్పుతూ తొమ్మిదిసార్లు ఆ ప్రార్థన చదువుతుంది. పనికి పని, పుణ్యానికి పుణ్యం.

ఆ స్టూడియోలో ఒక నియమం ఉంది, మామగారు పెట్టింది. ఫోటోలు తియ్యని కొత్త రీలుకు కొస బయటికి, నాలుక చాపినట్టు, ఉంటుంది. తీసిన రీలును మొత్తం లోపలికి చుట్టెయ్యాలి. నాలుక బయట ఉంటే కొత్తది, లోపల ఉంటే తీసింది. చీటీలు అంటించక్కర్లేదు, రాతలు అక్కర్లేదు. చీకట్లో బొటనవేలితో తడిమి చూస్తే చాలు.

నెల కిందట కార్ఖానా వాళ్లు తమ అట్టపెట్టెలకు ఫోటోలు తియ్యమని పిలిచారు. ఆ పని అయ్యాక, సొంత రీలొకటి కెమెరాలో వేసుకుని తమ్ముడు పనిచేసే చోటికి వెళ్లింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటని తల్లికి, కొడుకు ఎక్కడ నిలబడి పని చేస్తాడో చూపించాలని ఆశ. ఇరవై ఫోటోలూ అక్కడే తీసింది. నాలుక లోపలికి చుట్టి సంచీ పక్క జేబులో వేసుకుంది. నాలుగైదు రీళ్లు పోగయ్యాక ఒకేసారి కడుగుదాంలే, మందు కలిసొస్తుంది అనుకుంది. ఈలోగా తమ్ముడి చెయ్యి పోయింది. రీలు సంగతే మరిచిపోయింది.

బుధవారం పొద్దున్నే సంచీ పక్క జేబులో చెయ్యి పెట్టింది. జేబు ఖాళీ. సంచీ మొత్తం బల్లమీద కుమ్మరించింది. కళ్లద్దాల పెట్టె, బస్సు టికెట్లు, దువ్వెన, తాళాలు. రీలు లేదు.

మామగారు వీధి గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

“మామయ్యా, నా సంచీలో రీలు ఉండాలి. చూశారా?”

“ఆఁ, చూశానమ్మా. సంచీ పట్టీ ఊడిపోతోందని ఆమధ్య కుట్టాను కదా, అప్పుడు తగిలింది. నువ్వు చుట్టినప్పుడు నాలుక లోపలికి జారిపోయినట్టుంది. తీసి కొత్త రీళ్ల పెట్టెలో పెట్టాను.”

చీకటక్క గోడ పట్టుకుంది.

కొత్త రీలు నాలుక అప్పుడప్పుడు జారి లోపలికి పోవడం మామూలే. ఫిల్ము ముక్క ఒకటి ఉమ్మితో తడిపి, డబ్బీ సందులోంచి దూర్చి, లోపలి కొసను దానికి అంటించుకుని బయటికి లాగే విద్య ఒకటి ఉంది. మామగారు దానిలో దిట్ట. కళ్లు లేకపోయినా వేళ్లతో చేస్తారు. కోడలికి ఒక పని తగ్గుతుంది కదా అని, ఎవరూ అడగకుండానే చేస్తారు. కోడలికి చెప్పను కూడా చెప్పరు, అదేదో పెద్ద సాయం చేసినట్టు ఉంటుందని.

“ఎప్పుడు మామయ్యా?”

“నువ్వు బడికి ఫోటోలు తియ్యడానికి వెళ్లావే, దానికి ముందురోజు.”

బడికి వెళ్లిన రోజు పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క రీలు. నాలుక చక్కగా బయటికి ఉంది. పది తరగతులు, తరగతికి రెండు చొప్పున ఇరవై ఫోటోలూ దానిమీదే తీసింది. తమ్ముడి మీద రెండు వందల మంది పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టింది.

“మీకెవరు చెప్పారు మామయ్యా, నా సంచీ కుట్టమని?” గొంతు బాగా దిగిపోయింది. “మీకెవరు చెప్పారు నాలుకలు లాగమని? నేనడిగానా? ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా, మామయ్యా, నాకు చేతకావడం లేదు, కాస్త నాలుక లాగిపెట్టండి అని నేనడిగానా? మీ మంచితనంతో నా తమ్ముణ్ణి తుడిచిపెట్టారు. వాడు రేపు చెయ్యని తప్పు ఒప్పుకుంటాడు. జన్మంతా తన చెయ్యి తనే నరుక్కున్న వెధవ అనిపించుకుంటాడు. మీరు సంచీ పట్టీ కుట్టారు!”

కిటికీలోంచి పడిన ఎండ మామగారి మోకాళ్లమీద ఉంది. ఎదురు దుకాణం అతను గుమ్మంలోకి వచ్చి, లోపలి గుసగుస విని, మళ్లీ వెనక్కి వెళ్లిపోయాడు.

ఆవిడ చీకటి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. బడి రీలు చీకట్లో తీసి, చక్రానికి చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించింది. మందు పోసి తిప్పడం మొదలుపెట్టింది. ప్రార్థన అందుకుంది కానీ, కోపంలో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తాయి. మూడోసారి చదివేసరికి తనకే అనుమానం వచ్చింది. ఇలా చదివితే తొమ్మిది నిమిషాల పని ఆరు నిమిషాల్లో అయిపోతుంది, ఫిల్ము పచ్చిగా మిగులుతుంది.

“మామయ్యా!” అని మూసిన తలుపు ఇవతలనుంచి పిలిచింది. “గడియారం చూసి చెప్పండి!”

“నాకెక్కడ కనిపిస్తుందమ్మా ముల్లు,” అన్నారు ఆయన అవతలినుంచి. ఆయన అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నారు. “నేను చదువుతాను. నువ్వు తిప్పు.”

తలుపు అవతల ఆయన నిదానంగా ప్రార్థన చదివారు. ఇవతల ఆవిడ పళ్లు బిగించి డబ్బా తిప్పింది.

కడిగిన ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూస్తే ఏడుపొచ్చింది. మొహాలమీద చక్రాలు, బెల్టులమీద బెంచీలు, ఒక పిల్లాడి నుదుటిమీద కార్ఖానా దీపం. ఎక్కడ ఏది మొదలైందో, ఏది ముగిసిందో తెలియకుండా రెండు లోకాలు కలిసి బురదయ్యాయి. పిల్లల తెల్లచొక్కాలు, బడి గోడ సున్నం, ఆ తెలుపంతా కింద ఉన్నదాన్ని మింగేసింది.

బట్టల క్లిప్పులతో ఫిల్మును తీగకు వేలాడదీసి, ఆరేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. చూడగా చూడగా ఒకటి తట్టింది. తెలుపు మింగేసింది సరే, నలుపు మింగలేదు కదా! వెలుతురు పడని చోట కింది ఫోటో అలాగే ఉంటుంది. పిల్లల జుట్టు నలుపే, కానీ తలలు చిన్నవి. పెద్ద నలుపు ఒక్కటే ఉంది. ప్రతి ఫోటోలోనూ నట్టనడుమ కుర్చీలో కూర్చున్న పెద్దటీచరమ్మ నల్ల కోటు. మెడనుంచి మోకాళ్లదాకా, ఎండైనా వానైనా ఆవిడ విడవని ఆ కోటు.

ఇరవై కోట్లు. ఇరవై కిటికీలు.

భూతద్దం తీసి ఒక్కొక్క కోటులోకి తొంగి చూసింది. మొదటిదాంట్లో కప్పు దూలం. రెండోదాంట్లో ఏమీ లేదు, గచ్చు. మూడోదాంట్లో తమ్ముడి వీపు. అయిదో తరగతి రెండో ఫోటో దగ్గర ఆగింది. కోటు కుడి భుజంనుంచి ఒడిదాకా ప్రెస్సు నోరు. ఇనుప దవడలు రెండూ బోసిగా. జాలీ లేదు. ఆ దవడల నడుమ అట్టను సర్దుతూ ఒక చెయ్యి.

“దొరికింది,” అంది. ఎవరితో అందో తెలియదు.

మామగారు గోడ తడుముకుంటూ లోపలికి వచ్చారు. “అచ్చు వెయ్యాలంటే మామూలు కాగితం పనికిరాదమ్మా. నలుపు తెలుపులను గట్టిగా విడదీసే రకం తియ్యి. అట్టకు కోటు ఆకారంలో రంధ్రం కోసి, దాని గుండా ఎక్కువసేపు వెలుతురివ్వాలి. నువ్వు గీత గియ్యి, నేను కోస్తాను.”

“మీమీద నాకింకా కోపం పోలేదు మామయ్యా.”

“తిట్టమ్మా. పని చేస్తూ తిట్టు.”

ఆవిడ నిజంగానే తిట్టింది. ఆయన అట్ట కోశారు. నాలుగు కాగితాలు పాడయ్యాయి. అయిదోదాని మీద ప్రెస్సు నోరు తేలింది, చెయ్యి తేలింది. చుట్టూ పిల్లల మొహాలు పొగలో ఉన్నట్టు.

మధ్యాహ్నం ఆ అచ్చు తీసుకుని బడికి వెళ్లింది. పిల్లల ఫోటోలు పాడయ్యాయని చెప్పాలి, పెద్దటీచరమ్మ బొమ్మను ఆఫీసరుకు చూపించడానికి ఒప్పుకోమని ఆవిడనే అడగాలి. రెండు మాటలూ ఒక్క గుక్కలో చెప్పేసింది. పెద్దటీచరమ్మ అచ్చును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

“ఈ అబ్బాయి నా దగ్గర చదివాడు. లెక్కల్లో మొద్దు, కానీ పక్కవాళ్లకు పలక తుడిచి ఇచ్చేవాడు,” అంది. “వాడి చెయ్యి నా కోటు మీద ఉంటే నాకేం నామోషీ? చూపించు. ఎవరైనా అడిగితే నన్ను పిలు. పిల్లల్ని మళ్లీ కూర్చోబెడతాలే. ఈసారి రీలు మాత్రం చూసుకుని వేసుకో తల్లీ.”

గురువారం కార్ఖానా ఆఫీసు గదిలో బల్లకు ఒక పక్క తనిఖీ ఆఫీసరు, ఇంకో పక్క మేనేజరు. ఆఫీసరు పెద్దాయన, జలుబుతో ఉన్నాడు. మేనేజరు నున్నటి మనిషి. కాగితం తమ్ముడి ముందు పెట్టి, “కుడిచేత్తో కుదరదు కదా, బొటనవేలి ముద్ర చాలు,” అన్నాడు. స్టాంపు ప్యాడు మూత తనే తీసిపెట్టాడు.

చీకటక్క ఆ ప్యాడు పక్కకు జరిపి అచ్చు పెట్టింది.

మేనేజరు చూసి నవ్వాడు. “ఏమిటమ్మా ఇది, దయ్యాల ఫోటోనా? పిల్లల మధ్యలో మిషనేమిటి?”

ఆవిడ చెప్పింది. రీలు, నాలుక, మామగారు, సంచీ పట్టీ, ఏదీ దాచలేదు. ఆఫీసరు మూడుసార్లు తుమ్మి, కళ్లద్దాలు తుడుచుకుని, అచ్చుమీదికి వంగాడు.

“మిషను ఇదేనా?”

“ఇలాంటివి లోకంలో సవాలక్ష ఉంటాయి సార్,” అన్నాడు మేనేజరు. “ఇదే అయినా, ప్రమాదం తరవాత తీసి ఉంటారు. తనిఖీ కోసం మేమే జాలీ పక్కన పెట్టించాం.”

“అందులో వేళ్లు లెక్కపెట్టండి,” అంది చీకటక్క. ఆఫీసరు చెవి ముందుకు పెట్టాల్సి వచ్చింది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నా తమ్ముడికి ప్రమాదం తరవాత అయిదు వేళ్లు మొలిచాయా సార్?”

మేనేజరు మొహంలో నవ్వు ఆగింది. “ఆ రోజు పొద్దునే తీసి ఉండొచ్చుగా. అతను విప్పాక.”

“నేను ఈ గేటు దాటి లోపలికి వచ్చింది ఒక్కసారే. మీరు పిలిస్తేనే వచ్చాను. గేటు పుస్తకంలో నా సంతకం ఉంది, తారీఖు ఉంది. తెప్పించండి.”

“గేటు పుస్తకం...” మేనేజరు పెన్ను మూత పెట్టి తీసి పెట్టాడు. “అట్ట ఊడిపోతే బైండింగుకు ఇచ్చాం.”

“అట్టపెట్టెల కార్ఖానాలో అట్ట ఊడిందా?” అన్నాడు ఆఫీసరు. నవ్వలేదు, తుమ్మాడు. ఆ తరవాత నిట్టూర్చి, “చూడమ్మా, ఫోటో ఫైలులో పెడతాను. కానీ ఇంత మసకగా ఉంటే పైవాళ్లు ఏమంటారో చెప్పలేను. అబ్బాయి మాటే ముఖ్యం. ఏం బాబూ, నువ్వు విప్పావా, లేదా?”

తమ్ముడు అచ్చువైపు చూస్తున్నాడు. వచ్చినప్పటినుంచి దాన్నే చూస్తున్నాడు. ఎడమచేత్తో దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. అయిదు వేళ్లతో అట్ట సర్దుతున్న తన చేతిని, ఎవరో పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు.

“విప్పాను,” అన్నాడు.

మేనేజరు చటుక్కున ప్యాడు మళ్లీ ముందుకు తోశాడు.

“విప్పింది నేనే,” అన్నాడు తమ్ముడు మళ్లీ. గొంతు పెద్దదయింది. అతని గొంతు అంత పెద్దదని అక్కకు కూడా తెలియదు. “పాన పట్టుకుని, నాలుగు నట్లూ నా ఈ చేత్తోనే విప్పాను. ఆరునెలల కిందట. ఈయన నా పక్కన నిలబడి విప్పించాడు. జాలీ ఉంటే అట్ట పెట్టడం ఆలస్యమవుతోంది, విప్పుతావా, ఇంటికి పోతావా అన్నాడు. అన్నారా, అనలేదా సార్? చెప్పండి! జాలీ తీసుకెళ్లి మీ ఆఫీసు వెనక కుళాయి కింద కాళ్లు కడుక్కోడానికి వేశారు. ఇప్పుడు కూడా అక్కడే ఉంది. దెబ్బ తగిలాక పెట్టింది కొత్తది, దాని రంగు ఇంకా ఆరలేదు. నేను విప్పాను కదా, నాదే తప్పు కదా అని పద్నాలుగు రోజులుగా నిద్రపోలేదు. ఎందుకు పోలేదు నేను? మీరు పోయారు కదా నిద్ర!”

“ముందే నాకెందుకు చెప్పలేదురా?” అంది అక్క. కోపం ఇప్పుడు అతనిమీదికి కూడా మళ్లింది.

“చెప్పనిచ్చావా? అది కాదక్కా అన్నాను. నువ్వు వేళ్లు విరుస్తానన్నావు.”

ఆఫీసరు లేచి, గదిలోంచి బయటికి వెళ్లాడు. ఆఫీసు వెనక కుళాయి దగ్గర కాసేపు నిలబడి, ప్యాంటు అంచులు తడుపుకుని తిరిగి వచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా, మేనేజరు కాగితాన్ని రెండు మడతలు పెట్టి తన ఫైలులో వేసుకున్నాడు. కొత్త తెల్లకాగితం తీశాడు.

“మొదటినుంచి చెప్పు బాబూ. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో. తొందర లేదు.”

తమ్ముడు చెప్పాడు. మధ్యలో మూడుసార్లు మేనేజరు “అలా కాదు సార్” అన్నాడు. మూడుసార్లూ ఆఫీసరు పెన్ను ఎత్తి, అతను ఆగాక మళ్లీ రాశాడు. చదివి వినిపించాడు. తరవాత ప్యాడు కోసం చూశాడు.

“ముద్ర వద్దు సార్,” అన్నాడు తమ్ముడు. “రాస్తాను.”

ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నాడు. మొదటి అక్షరం గీత దాటి కిందికి పోయింది. రెండోది పెద్దదయింది. కాగితం జారుతుంటే అక్క తన అరచేతిని దానిమీద ఆనించింది. మందులతో గోధుమరంగుకు తిరిగిన ఆ గోళ్ల పక్కనుంచి పెన్ను మెల్లగా నడిచింది.

“ఎంతసేపమ్మా ఇది? నాకు అవతల పనులున్నాయి,” అన్నాడు మేనేజరు గడియారం చూసుకుంటూ.

“కూర్చోండి,” అన్నాడు ఆఫీసరు. “ఇంకా ఇంటిపేరు రాయాలి.”